ఎగ్మోరులో పలనాటి రాళ్లు

చెల్లీ,

నరసరావుపేట నుంచి చెన్నై వచ్చి నాలుగు నెలలైందనీ, ఉద్యోగం బాగానే ఉన్నా రాత్రి గదికి చేరి తలుపు వేసుకోగానే గుండె బరువెక్కుతోందనీ రాశావు. అమ్మ ఫోను ఎత్తకపోతే పది నిమిషాల్లో ఆసుపత్రి దాకా ఊహించుకుంటున్నానన్న నీ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నేనూ అలాగే ఉండేదాన్ని. 1994లో గుంటూరు వదిలి వచ్చేనాటికి ఇది ఇంకా మద్రాసే. పశ్చిమ మాంబళంలో చిన్న గది, ఇంట్లో ఫోను లేదు, వారానికొక ఉత్తరం. అది ఒక రోజు ఆలస్యమైతే నాన్నకు ఏదో అయిందని తెల్లవార్లూ కూర్చునేదాన్ని.

నీకు ఊహాశక్తి మెండుగా ఉంది, అంతే. పని దొరకని ఊహ ఒంటరి గదిలో భయాలనే అల్లుతుంది. దాని చేతికి వేరే నూలు అందించాలి.

నాకు ఆ నూలు ఎగ్మోరు మ్యూజియంలో దొరికింది. ఒక ఆదివారం వాన పడుతుంటే తలదాచుకోవడానికి లోపలికి వెళ్లాను. అమరావతి స్తూపం శిల్పాలు అక్కడున్నాయని అప్పటిదాకా తెలియదు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించిన రాళ్లు మద్రాసు చేరాయి, వాటిలో చాలా భాగం 1859లో లండనుకు ఓడెక్కాయి. తరువాతి తవ్వకాల్లో దొరికిన వాటిలో ఎన్నో ఇక్కడే నిలిచాయి. ఆ సున్నపురాయి మీ పలనాటిదే, చెల్లీ. కృష్ణ ఒడ్డున చెక్కిన రాళ్లు పరాయి ఊరి గోడల మధ్య అంత నిబ్బరంగా నిలబడి ఉంటే, వాటి ముందు నిలబడి నేను ఏడ్చాను.

అక్కడ నాలగిరి ఏనుగు పతకం ఉంది. గుండ్రటి ఒకే రాతిలో రెండు ఘడియలు: ఒక పక్క మదించి జనం మీదికి దూసుకొస్తున్న ఏనుగు, మరో పక్క బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లిన అదే ఏనుగు. పైనుంచి జనం భయంభయంగా చూస్తుంటారు. మరుసటి ఆదివారం పెన్సిలూ, గీతల్లేని నోటుపుస్తకమూ పట్టుకెళ్లి దాని ముందు కూర్చున్నాను. నాకు బొమ్మలు రావు. చెవి ఒక్కటి కుదరడానికే మూడు ఆదివారాలు పట్టింది. ఆ గంటసేపు చూపు రాతి మడతలోనే ఉండేది, నాన్న గురించిన భయం దరిచేరేది కాదు. బొమ్మ ఎలా వచ్చిందన్నది ముఖ్యం కాదు. ఫోనులో ఫొటో తీసుకుని తిరిగి వస్తే మాత్రం ఈ పని జరగదు, కంటితో పాటు చెయ్యి కూడా ఆ రాతి వెంట నడవాలి. దగ్గర్లోని చిత్రకళాశాల విద్యార్థులూ అక్కడ గీస్తుండేవారు. ఒక తమిళ అమ్మాయి రబ్బరు అడిగింది. నా మొదటి తమిళ వాక్యాలు ఆమెతోనే మాట్లాడాను, ఇప్పటికీ పండుగలకు మా ఇంటికి వస్తుంది.

మార్గశిరం వచ్చాక సంగీత సభలకూ వెళ్లు. పగటి కచేరీలు చాలా చోట్ల ఉచితమే. త్యాగరాజు కావేరి ఒడ్డున తిరువయ్యారులో ఉండి తెలుగులో రాశాడు కదా, ఆ కీర్తనలను ఈ ఊరు ప్రాణంగా పాడుకుంటుంది. ఒకసారి పక్క కుర్చీలోని పెద్దాయన నోటుపుస్తకం తెరిచి, ఒక చరణానికి అర్థం చెప్పమ్మా అని అడిగారు. ఎవరికీ అక్కర్లేదనుకున్న నా భాషను ఒకరు చేతులు చాచి అడిగిన రోజు అది.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి పోతే, బతకాలని అనిపించకపోతే బొమ్మల మీద ఆధారపడకు. వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోను చెయ్యవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. నాకూ ఫోను చెయ్యి, అర్ధరాత్రైనా సరే.

మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆదివారం ఉదయాన్నే వెళ్లు, ఎగ్మోరు స్టేషనులో దిగితే దగ్గరే. మెత్తటి పెన్సిలు తీసుకెళ్లు. ముందు ఏనుగు చెవితో మొదలుపెట్టు. కుదరకపోయినా సరే, గీసినది నాకు పంపించు.