టెక్ సందేహాలు: లీడ్స్‌లో బాయిలరు, గుంటూరు నుంచి వైరింగు

ఈ వారం మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. తొందరపడితే ప్రాణం మీదికి వచ్చే పని అది.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. ముప్పై ఏళ్లు ఇళ్ల వైరింగు చేశాను. మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండులోని లీడ్స్‌లో పాత ఇల్లు కొన్నారు. వంటగది గోడకు గ్యాస్ బాయిలరు (నీళ్లు వేడిచేసి గదులను వెచ్చబరిచే రేడియేటర్లకు పంపేది), హాలులో గది వేడిని బట్టి దాన్ని నడిపి, ఆపే, గుండ్రటి మీట ఉన్న పాత థర్మోస్టాట్ ఉన్నాయి. దాని స్థానంలో పెట్టడానికి స్మార్ట్ థర్మోస్టాట్ తెచ్చుకున్నారు. పాతదాని మూత తీస్తే ఎరుపు, పసుపు, నీలం వైర్లు కనిపించాయి. ఇంటికి త్రీఫేజ్ ఇచ్చారా? వీడియో కాల్‌లో నేను చెబుతుంటే అల్లుడు బిగిస్తానంటున్నాడు. చెప్పమంటారా?

జవాబు: త్రీఫేజ్ కాదండి. బ్రిటన్‌లో పాతకాలపు మూడు వైర్ల కేబుల్ ఆ రంగుల్లోనే వచ్చేది. మెట్ల దీపానికి కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ పెట్టినప్పుడు, హాలులో థర్మోస్టాట్ పెట్టినప్పుడు దాన్నే లాగేవారు. ఆ రంగులు మన త్రీఫేజ్‌లోని ఆర్, వై, బీ (ఎరుపు, పసుపు, నీలం) రంగులతో కలిశాయి కాబట్టే మీకు ఆ అనుమానం వచ్చింది. సాధారణంగా అందులో ఎరుపు ఫేజు, నీలం న్యూట్రల్, పసుపు థర్మోస్టాట్ దాటి బాయిలరుకు తిరిగి వెళ్లే వైరు. 'సాధారణంగా' అన్న మాటను మాత్రం గట్టిగా పట్టుకోండి. ఆ రోజు బిగించినవాడు ఏ వైరును దేనికి వాడాడో రంగు చెప్పదు.

మీ అనుభవమే ఇక్కడ మిమ్మల్ని పొరపాటు చేయించవచ్చు. ముప్పై ఏళ్లు మన వైర్లతో పని చేసిన చేతికి నీలం అంటే ఫేజే. అక్కడ కొత్త పద్ధతిలో నీలం న్యూట్రల్, గోధుమ రంగు ఫేజు. 2004లో మొదలైన ఈ మార్పు 2006 నుంచి తప్పనిసరి అయింది. అంతకుముందు అక్కడి మామూలు రెండు వైర్ల కేబుల్‌లో మనలాగే నలుపు న్యూట్రల్. ఇప్పటి మూడు వైర్ల కేబుల్ గోధుమ, నలుపు, బూడిద రంగుల్లో వస్తుంది. అందులో నల్లవైరు కరెంటు మోస్తూ ఉండవచ్చు. పాత ఇళ్లలో ఒక గది పాత రంగుల్లో, మరమ్మతు చేసిన గది కొత్త రంగుల్లో ఉండటం మామూలే. 'నల్లది న్యూట్రల్లో పెట్టు బాబూ' అని మీరు బ్రాడీపేటలో కూర్చుని అంటే, ఆ మాట అక్కడ అతని చేతిని ఎక్కడికి తీసుకెళుతుందో ఆలోచించండి.

అంతదూరం ఎందుకు, మన ఊళ్లోనూ రంగును నమ్మలేం. విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటరు మార్చడానికి బోర్డు విప్పాను. స్విచ్ వెనక ఉన్నది నల్లవైరు. అలవాటుగా టెస్టరు ఆనిస్తే దీపం వెలిగింది. పని చివర్లో ఎర్రవైరు అయిపోయి, చేతిలో ఉన్న నల్లముక్కతో ముగించినట్టున్నారు. కొసన ఎర్ర టేపు కూడా చుట్టలేదు. టెస్టరు ఆనించకుండా వేలు పెట్టి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అందుకే మీ అల్లుడిని ముందుగా చేయమనవలసింది ఫోటోలు తీయడం. పాత థర్మోస్టాట్‌లో ప్రతి స్క్రూ పక్కన ఎల్ (ఫేజు), ఎన్ (న్యూట్రల్), కామ్ (కామన్, అంటే స్విచ్‌లోకి వచ్చే కొస) వంటి గుర్తో, 1, 2, 3 అంకెలో ఉంటాయి. ఏ గుర్తు కింద ఏ వైరు ఉందో దగ్గరగా ఫోటో తీయాలి. బాయిలరు మోడల్ నంబరు ఉన్న స్టిక్కరును కూడా తీయాలి. తయారీదారు ఇచ్చే పుస్తకంలో ఆ మోడల్‌కు వైరింగు బొమ్మ ఉంటుంది. అసలు ఆధారం అదే.

ఇక థర్మోస్టాట్ చేసే పని మీకు కొత్తేమీ కాదు. అది ఒక స్విచ్. గది చల్లబడితే కలుపుతుంది, వెచ్చబడితే తెంచుతుంది. తేడా అంతా బాయిలరు ఆ స్విచ్ నుంచి ఏమి ఆశిస్తుందన్న దగ్గర ఉంది. కొన్ని బాయిలర్లకు థర్మోస్టాట్ దాటి 230 వోల్టుల ఫేజు వచ్చి చేరాలి. కొన్నింటికి డ్రై కాంటాక్ట్ కావాలి, అంటే బయటి కరెంటు ఏమీ రాకుండా బాయిలరు ఇచ్చిన రెండు కొసలు కలవడం, విడిపోవడం చాలు. మూడో రకంలో ఓపెన్‌థెర్మ్ అనే రెండు వైర్ల జత ఉంటుంది. తక్కువ వోల్టేజీలో ఆ వైర్ల మీద థర్మోస్టాట్, బాయిలరు సంకేతాలు పంపుకుంటాయి. పూర్తిగా వెలగడం, పూర్తిగా ఆరడం కాకుండా మంటను తగ్గించి, పెంచి నడిపించడం దీని గొప్ప. మీవాళ్ల బాయిలరు, కొన్న థర్మోస్టాట్ రెండూ దీనికి పనికొస్తే నేను దీన్నే ఎంచుకుంటాను. మంట తగ్గించి నడిపితే రేడియేటర్ల నుంచి తిరిగి వచ్చే నీళ్లు అంత వేడిగా ఉండవు. ఆ నీళ్లు సుమారు 55 డిగ్రీలకు లోపల ఉన్నప్పుడే కండెన్సింగ్ బాయిలరు పొగలోని ఆవిరి వేడిని కూడా రాబట్టుకుంటుంది, గ్యాస్ ఆదా అవుతుంది.

ప్రమాదమల్లా రెండో రకాన్నో మూడో రకాన్నో మొదటిదనుకోవడంలో ఉంది. డ్రై కాంటాక్ట్ కొసలకో ఓపెన్‌థెర్మ్ కొసలకో 230 వోల్టులు తగిలిస్తే బాయిలరు బోర్డు కాలిపోతుంది. చాలా స్మార్ట్ థర్మోస్టాట్లతో బాయిలరు పక్కన బిగించే రిసీవరు పెట్టె వస్తుంది. దానికి నడవడానికి ఫేజు, న్యూట్రల్ కావాలి. స్విచ్ కొసలైన కామ్, ఎన్‌ఓ (స్విచ్ పడినప్పుడే కామ్‌తో కలిసేది) విడిగా ఉంటాయి. మొదటి రకం బాయిలరైతే ఎల్ నుంచి కామ్‌కు చిన్న వైరు ముక్క వేస్తారు. డ్రై కాంటాక్ట్ అయితే ఆ ముక్క ఉండనే కూడదు. వేలెడంత కూడా లేని ఆ ముక్కే బోర్డును కాపాడుతుంది, కాలుస్తుంది.

ఇంకో ముక్క గురించీ చెప్పాలి. థర్మోస్టాట్ లేకుండా కూడా నడిచేలా చాలా బాయిలర్లలో ఫ్యాక్టరీలోనే రెండు కొసలను కలుపుతూ ఒక లింకు వేసి పంపుతారు. దాన్ని తీయడం మరిస్తే ఫోనులో 'ఆఫ్' అని కనిపిస్తున్నా గదుల్లో రేడియేటర్లు కాలుతూనే ఉంటాయి. రిసీవరు బాయిలరు దగ్గర పెట్టాక హాలులో పనిలేక మిగిలిపోయే పాత వైర్లను రెండు చివరలా విడదీసి కనెక్టరులో బిగించి మూత పెట్టాలి. మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయకూడదు.

చెప్పమంటారా అని అడిగారు. వీడియో కాల్ మీద వద్దండి. టెస్టరు పట్టుకునే మనిషి అక్కడే ఉండాలి. అక్కడ బాయిలరు పక్కన ఫ్యూజు ఉన్న స్విచ్ ఒకటి ఉంటుంది. అది ఆపినా వేరే సర్క్యూట్ నుంచి కరెంటు వచ్చే పాత వైరింగు ఉండవచ్చు కాబట్టి, రెండు మొనల టెస్టరుతో ప్రతి కొసనూ చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. మన జేబు టెస్టరులోని దీపం వెలగనంత మాత్రాన కరెంటు లేదని నమ్మకూడదు. పైగా కొన్ని బాయిలర్ల ముందు తలుపే మంట గదికి సీలు. దాన్ని విప్పే అర్హత గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (బ్రిటన్‌లో గ్యాస్ పనివాళ్ల అధికారిక జాబితాలో) ఉన్న పనివాళ్లకే ఉంది. అలాంటి మనిషిని పిలిపించి, మీరు వీడియోలో పక్కనే ఉండి, 'మా బాయిలరుకు 230 వోల్టులా, డ్రై కాంటాక్టా? లింకు తీశారా?' అని అల్లుడి చేత అడిగించండి. మీ ముప్పై ఏళ్ల అనుభవం అక్కడ నిజంగా అక్కరకు వస్తుంది.

ప్రశ్న: మాది విజయవాడ పటమట. అమెరికా నుంచి వచ్చిన బావగారు స్మార్ట్ థర్మోస్టాట్ కానుకగా ఇచ్చారు. మా స్ప్లిట్ ఏసీకి బిగించవచ్చా?

జవాబు: బిగించలేరు. చాలా అమెరికా ఇళ్లలో థర్మోస్టాట్‌కు ట్రాన్స్‌ఫార్మరు నుంచి 24 వోల్టులే వస్తాయి. దాని వెనక ఉన్న ఆర్, సీ, డబ్ల్యూ, వై, జీ కొసలన్నీ ఆ వోల్టేజీకి చేసినవి. మన గోడలోని 230 వోల్టులు తగిలిస్తే అక్కడికక్కడే పోతుంది. మన ఇళ్లలోని మామూలు స్ప్లిట్ ఏసీ గోడ మీద మరో థర్మోస్టాట్‌ను అడగదు. రిమోట్ చెప్పినట్టు వింటుంది. కాబట్టి ఆ రిమోట్ సంకేతాలను నేర్చుకుని, వైఫై ద్వారా ఫోను చెప్పినప్పుడు వాటిని ఏసీకి పంపే చిన్న ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) పరికరం కొనుక్కోండి. ఏసీకి ఎదురుగా, అడ్డం లేకుండా పెట్టాలి. ఇలాంటివి చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి. ఒక లోటు ముందే తెలుసుకోండి: అది చెబుతుందే గాని వినదు. ఇంట్లో ఎవరైనా రిమోట్‌తో ఏసీ ఆపేస్తే ఫోను మాత్రం నడుస్తున్నట్టే చూపిస్తుంది. బావగారికి నొచ్చుకోకుండా చెప్పి ఆ థర్మోస్టాట్‌ను ఆయనతోనే తిరిగి పంపండి. అక్కడ దానికి విలువ ఉంది.

ప్రశ్న: భవానీపురంలో ఉంటాం. తెల్లవారుజామున లేవకుండానే గీజరు వేడెక్కాలని స్మార్ట్ ప్లగ్గు కొందామనుకుంటున్నాం. ఏది కొనాలి?

జవాబు: 16 ఆంపియర్లదే కొనండి. 2,000 వాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్లు, 3,000 వాట్లదైతే 13 ఆంపియర్లు లాగుతుంది. దీపాలకు, ఛార్జర్లకు పెట్టే చిన్న ప్లగ్గు దానికి ఆగదు. 25 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి రావడానికి 2,000 వాట్ల గీజరుకు అరగంట పైచిలుకు చాలు. కాబట్టి రాత్రంతా వదలకుండా స్నానానికి ముప్పావుగంట ముందు మొదలయ్యేలా పెట్టండి. గీజరులో ఉన్న థర్మోస్టాట్‌ను, వేడి మితిమీరితే తెంచే కటౌట్‌ను ఎవరు చెప్పినా తీయించవద్దు. ప్లగ్గు పెట్టిన మొదటి రోజు అరగంట నడిపి, స్విచ్ ఆపి, పొడి చేత్తో ప్లగ్గును తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి ఆన్చలేనంత కాలుతున్నా, ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చినా సాకెట్ లోపలి పట్టు వదులై ఉండవచ్చు. కొత్త సాకెట్ వేయించేవరకు గీజరు వాడకండి.