ఆ పాత మేడ కొనాలా, వద్దా?

ప్రశ్న: విజయవాడ వన్‌టౌన్‌లో మా అమ్మమ్మగారి వీధిలో ఒక పాత ఇటుకల మేడ అమ్మకానికి వచ్చింది. సున్నంతో కట్టిన గోడలు, పైన మద్రాసు టెర్రస్ కప్పు. కింది గదుల్లో నడుమెత్తు దాకా చెమ్మెక్కి పెచ్చులు రాలుతున్నాయి. అంతా గీకేసి సిమెంటు పూస్తే సరిపోతుందని మేస్త్రీ అంటున్నాడు. పాతది నిలవదు, పడగొట్టి కట్టుకుందామని మావారు. నాకేమో ఆ మేడంటే ప్రాణం. కొనమంటారా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: కొనండమ్మా. కానీ ఆ మేస్త్రీని మాత్రం గుమ్మం ఎక్కనివ్వకండి. సున్నపు గోడ నేలలోని చెమ్మను పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి చెమ్మ ఇంకా పైకి ఎగబాకుతుంది. లోపల ఉప్పు పట్టి ఇటుకే పిండిపిండిగా రాలిపోతుంది. ముందు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడండి: పగిలిన తూమా, పక్కింటి బాత్రూమా, రోడ్డు మీద రోడ్డు వేసి గుమ్మం పల్లమైపోయిందా? అది సరిచేయించి, గోడ ఆరాక డంగు సున్నమే, అంటే ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నమే, పూయించండి. ఆరడానికి నెలలు పడుతుంది, తొందరపడొద్దు.

అసలు డబ్బు తినేది కప్పు. మద్రాసు టెర్రస్ అంటే టేకు దంతెల (సన్న దూలాల) మీద సన్నటి ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో బిగించిన కప్పు. దంతె గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి. ఖణేల్‌మంటే మంచిదే. మెత్తగా దిగిపోతే పుచ్చో, చెదలో. ఒకటీ అరా అయితే మార్చుకోవచ్చు. సగం అలాగే ఉంటే ధర మళ్లీ మొదటినుంచీ మాట్లాడాల్సిందే. కారుతోందని పైన కాంక్రీటు మాత్రం వేయించకండి, ఆ బరువుకి దంతెలు కుంగిపోతాయి.

పాతది నిలవదంటున్న మీవారిని ఓసారి బందరు రోడ్డులో బాపు మ్యూజియానికి తీసుకెళ్లండి, 1887 నాటి కట్టడం, ఇంకా నిలిచే ఉంది. పైగా పడగొడితే కొత్త ప్లాను కోసం ఇంటి ముందువైపు కొంత జాగా ఖాళీగా వదలాలి, ఇరుకు వీధైతే రోడ్డుకీ కొంత పోవచ్చు. పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే ఆ తగువు వేరే.

ఇక కాగితాలు. ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి తీయించండి. పిత్రార్జితమైతే అమ్మేవాళ్ల అక్కచెల్లెళ్లు కూడా సంతకం పెట్టాలి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత ఆడపిల్లలకీ సమాన వాటా ఉంది కాబట్టి, ‘వాళ్లకేం అభ్యంతరం లేదండీ’ అన్న నోటిమాట మీద అడ్వాన్సు ఇవ్వకండి.