మొలతాడు కింద నల్లటి పక్కు, వారంగా క్రీమ్, నాలుగు రోజులుగా జ్వరం

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది చంద్రగిరి దగ్గర పల్లె. నాకు 24 ఏళ్లు, తిరుపతిలో ఉద్యోగం. గడ్డం మీద, చెంపల మీద మొటిమలు వస్తున్నాయి. ఇంట్లో అందరం వాడే యాంటీసెప్టిక్ క్రీమే రాత్రిళ్లు రాసుకుంటున్నాను. రెండు నెలలైనా తగ్గలేదు, పైగా నల్ల మచ్చలు పడుతున్నాయి. మెడికల్ షాపులో అడిగితే ఇంకో ట్యూబు ఇచ్చారు. అది రాస్తే నాలుగు రోజులు బాగుంటుంది, ఆపితే ముఖం ఎర్రబడి మండుతుంది. మా నాయనకు (58 ఏళ్లు, షుగర్ ఉంది) మొలతాడు దగ్గర పొక్కు లేస్తే దానికీ వారం నుంచి మా ఇంటి క్రీమే రాస్తున్నాం. అది నల్లగా పక్కు కట్టింది, నొప్పి లేదంటాడు. నాలుగు రోజులుగా జ్వరం వస్తుంటే పారాసిటమాల్ వేస్తున్నాం. అన్నిటికీ పనికొచ్చే మంచి క్రీమ్ ఏదో చెప్పగలరు.
- ఒక పాఠకురాలు

సలహా: అమ్మా, మొటిమల గురించి తర్వాత చెబుతాను. ముందు మీ నాయనను ఆసుపత్రికి తీసుకెళ్లండి. రేపు కాదు, ఈరోజే. ఈ జవాబు సైట్‌లోకి వచ్చేసరికి ఆలస్యమవుతుందని, మీ ఉత్తరం చదవగానే డెస్క్ వాళ్లతో మీకు విడిగా మెయిల్ పెట్టించాను. ఇలాంటి పొక్కుకు క్రీమ్ రాసుకుంటూ కూర్చున్న ఇళ్లు ఇంకా ఉంటాయి కాబట్టి ఇక్కడ కూడా రాస్తున్నాను.

మనిషిని చూడకుండా జబ్బు ఇదీ అని నేను తేల్చలేను. కానీ మీరు రాసిన నాలుగు మాటలు, అంటే నల్లటి పక్కు, నొప్పి లేకపోవడం, మొలతాడు కట్టుకునే చోటు, తర్వాత జ్వరం, ఒక్కచోట కనిపిస్తే మా ప్రాంతంలో ఏ డాక్టరుకైనా మొదట తట్టేది స్క్రబ్ టైఫస్. మీరు రాయలేదు గానీ, ఆయన ఈ రెండు మూడు వారాల్లో మామిడి తోపులో పని చేశారా, ఆవులకు గడ్డి కోసుకొచ్చారా, కొండవారన పొదల్లో తిరిగారా? ఆసుపత్రిలో వాళ్లు అడగకపోయినా ఈ సంగతి మీరే చెప్పండి.

పొదల్లో, గడ్డిలో మైట్ అనే సన్నటి పురుగు ఉంటుంది. కంటికి ఆనదు. మనిషిని కుట్టేది దాని పిల్ల దశ, దాన్నే చిగ్గర్ అంటారు. కుట్టినప్పుడు నొప్పి తెలియదు. ఓరియెన్షియా సుత్సుగముషి అనే బ్యాక్టీరియా దాని ద్వారా ఒంట్లోకి వస్తుంది. కుట్టిన 6 నుంచి 21 రోజుల లోపల జ్వరం, విపరీతమైన తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. కుట్టిన చోట చిన్న పొక్కు లేచి, చితికి, నల్లటి పక్కు కడుతుంది. దాన్ని మేం ఎస్కార్ అంటాం. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, చెవి వెనక, మొలతాడు కింద, ఇలా బట్ట బిగిసే చోట్ల, చర్మం ముడతపడే చోట్ల ఎక్కువగా ఉంటుంది. నొప్పి, దురద సాధారణంగా ఉండవు. అందుకే రోగి దాన్ని లెక్కచేయడు. జ్వరం గురించే చెబుతాడు, పొక్కు గురించి చెప్పడు. మీరు చెప్పారు, చాలా మంచి పని చేశారు.

ఆ క్రీమ్ గురించి నాకు ఎందుకింత బాధో చెబుతాను. ఒకసారి మా వార్డుకు ఒక పెద్దాయన వచ్చాడు. తొమ్మిదో రోజు జ్వరం, ఆయాసం. అప్పటికే వేరేచోట మూడు రోజులు ఇంజెక్షన్లు చేయించుకున్నాడు. ప్లేట్‌లెట్లు తగ్గాయని ఇంట్లోవాళ్లు డెంగీ అనుకుని బొప్పాయి ఆకు రసం తాగిస్తున్నారు. పంచె కాస్త కిందికి దించి చూస్తే మొలతాడు పక్కన రూపాయి బిళ్లంత తెల్లటి పూత, సున్నం కొట్టినట్టు ఎండిపోయి ఉంది. ఏమిటిదంటే, ‘‘ఏం లేదు సార్, చిన్న పొక్కు, క్రీమ్ పెట్టినాం’’ అన్నాడు కొడుకు. సెలైన్‌లో దూది తడిపి మెల్లగా తుడిచాను. కింద బీడీతో చురక పెట్టినట్టు నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు. గజ్జలో బిళ్ళ కట్టింది. అంతకుముందు చూసినవాళ్లకు ఆ తెల్లపూతే కనిపించి ఉంటుంది. ఆయన బతికాడు, కానీ ఆరు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. మొదటి రెండు మూడు రోజుల్లోనే వచ్చి ఉంటే మాత్రలతో ఇంటికి పంపేవాణ్ని.

క్రీమ్ ఆ పొక్కును పాడుచేసిందని నేననడం లేదు. ఈ యాంటీసెప్టిక్ క్రీముల్లో చాలావాటిలో ఉండేది బోరిక్ ఆసిడ్, జింక్ ఆక్సైడ్, లేదా క్లోర్‌హెక్సిడిన్, సెట్రిమైడ్, లేదా పోవిడోన్ అయోడిన్. ఇవి పైచర్మం మీద పనిచేస్తాయి, రక్తంలోకి చేరిన జబ్బును తాకలేవు. ఏదో ఒకటి రాశాం కదా అన్న ధైర్యంతో ఇంట్లో రోజులు గడిచిపోతాయి, నన్ను భయపెట్టేది అదే. వారం నుంచి రాస్తున్నాం అని మీరే రాశారు. షుగర్ ఉన్న మనిషి ఒంటి మీద నల్లటి పుండు లేచి, జ్వరం కూడా వస్తుంటే వారం ఆగకూడదమ్మా. కోప్పడుతున్నాననుకోకండి. ఇదే మాట నా ఓపీలో రోజూ ఎవరో ఒకరితో అంటూనే ఉంటాను.

స్క్రబ్ టైఫస్‌కు మందు ఉంది, ఖరీదైనది కూడా కాదు. డాక్సీసైక్లిన్ గానీ, అజిత్రోమైసిన్ గానీ వాడతాం. సరైన మందు పడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగిపోతుంది. అంత త్వరగా దిగకపోతే ఇంకో కారణం ఉందేమో వెతుకుతాం. జ్వరానికని మామూలుగా ఇచ్చే పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి ఇంజెక్షన్లకు ఈ జబ్బు లొంగదు. ‘యాంటీబయాటిక్ పడింది, అయినా జ్వరం తగ్గలేదు’ అని వచ్చేవాళ్లలో కొందరి కథ ఇదే. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, కాలేయం, మెదడు దెబ్బతినవచ్చు. ప్లేట్‌లెట్లు ఇందులోనూ తగ్గుతాయి కాబట్టి డెంగీతో పొరపడడం తేలిక.

మందు పేరు రాశానని మెడికల్ షాపుకు వెళ్లి కొనేయకండి. మీ నాయనకు షుగర్ ఉంది. కిడ్నీ, లివర్ పరీక్షలు చూడాలి, డెంగీ, మలేరియా కాదని తేల్చుకోవాలి. ఆ నల్లటిది స్క్రబ్ టైఫస్ కాక షుగర్ వల్ల ముదిరిన ఇన్ఫెక్షన్ కూడా కావచ్చు, అదీ తొందరపడాల్సిందే. గర్భిణులకు మందు ఎంపిక వేరేగా ఉంటుంది. ఇంకో జాగ్రత్త ఉంది. జ్వరం ఏమిటో తేలేదాకా ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్ లాంటి ఇంజెక్షన్లు వేయించకండి. డెంగీ అయితే రక్తస్రావం ప్రమాదం, షుగర్ ఉన్నవాళ్లకు కిడ్నీల మీద భారం.

పక్కును పీకకండి. క్రీమ్‌ను తడిగుడ్డతో మెల్లగా తుడిచేయండి. కొత్తగా ఏమీ రాయకండి, పసుపు కూడా వద్దు. షుగర్ మందుల చీటీ, ఈ నాలుగు రోజుల్లో వేసిన మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లినా సరే, తిరుపతిలో రుయాకో స్విమ్స్‌కో వెళ్లినా సరే, డాక్టరు గదిలోకి వెళ్లగానే పొక్కు చూపించండి. మగవాళ్లు మొలతాడు కింద చూపించడానికి సిగ్గుపడతారు, మీరు పక్కన ఉండి చెప్పండి. ఆయాసం, మాట తడబడడం, మగతగా పడుకోవడం, మూత్రం తగ్గిపోవడం, కళ్లు పచ్చబడడం, ఆగని వాంతులు, వీటిలో ఏది కనిపించినా బస్సు కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. రక్తపరీక్షలో స్క్రబ్ టైఫస్ ‘లేదు’ అని వచ్చినా మొదటి వారంలో అది ఖాయం కాదు. పక్కును చూసే మేం మందు మొదలుపెట్టే సందర్భాలు ఉంటాయి. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు, కాబట్టి ఆయన దగ్గర ఉండటానికి భయం అక్కర్లేదు.

ఆయన కోలుకున్నాక తోపుకు వెళ్లేటప్పుడు ఫుల్ ప్యాంటు, ఫుల్ చేతుల చొక్కా వేసుకోమనండి. మన దగ్గర అక్టోబరు నుంచి వానలు పట్టి గడ్డి మోకాలెత్తు లేస్తుంది, చలికాలం దాకా ఈ కేసులు వస్తూనే ఉంటాయి. గడ్డి మీద తువ్వాలు పరుచుకుని కునుకు తీయడం, ఉతికిన బట్టలు పొదల మీద ఆరేయడం మానాలి. ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేసి, విడిచిన బట్టలు మళ్లీ వేసుకోకుండా ఉతుక్కోవాలి.

ఇక మీ ముఖం సంగతి. ఆ రెండో ట్యూబు నాకు అనుమానంగా ఉంది. రాస్తే బాగుండి, ఆపితే ఎర్రబడి మండుతోందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమో చూడాలి. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్, బీటామెథాసోన్, మోమెటాసోన్ అనే పేర్లలో ఏదైనా ఉందా చదవండి. ఒక్కోసారి స్టెరాయిడ్‌తో పాటు యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపి ఒకే ట్యూబులో పెడతారు, ‘అన్నిటికీ పనిచేస్తుంది’ అని చేతికిచ్చేది ఎక్కువగా ఇదే. ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి రక్తనాళాలు తేలతాయి, మొటిమలు ఇంకా పెరుగుతాయి, అవాంఛిత రోమాలు వస్తాయి. తామరకు రాస్తే దురద తగ్గినట్టే ఉండి, రూపు మారి ఒళ్లంతా పాకుతుంది. గజ్జల్లో తామరతో వచ్చేవాళ్లలో ఈ ట్యూబులు వాడనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలనే జాబితాలో చేర్చింది. అయినా పేరు చెబితే ఇచ్చేస్తున్నారు. మీ ట్యూబులో అది ఉంటే ముఖానికి రాయడం మీరే కొనసాగించకండి. ఆపాక కొన్ని వారాలు ఎర్రదనం, మంట ఉండొచ్చు. ఆ సమయంలో మళ్లీ అదే ట్యూబు అందుకోకుండా ఉండాలంటే చర్మవ్యాధుల డాక్టరు పర్యవేక్షణ అవసరం.

యాంటీసెప్టిక్ క్రీమ్‌తో మొటిమలు ఎందుకు తగ్గలేదంటే, మొటిమ గాయం కాదు. చర్మంలోని నూనె గ్రంథి మూసుకుపోయి, లోపల వాపు వస్తే లేచేది మొటిమ. ఈ క్రీముల్లో చాలావాటికి ఆధారం జిడ్డే. దాన్ని రాత్రంతా పెట్టుకుంటే ఆ రంధ్రాలు ఇంకా మూసుకుంటాయి. మొటిమలకు బెంజోయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటి మందులు వేరేగా ఉన్నాయి. ముఖం ఎర్రగా ఉన్నప్పుడు అవి ఇంకా మండిస్తాయి, అందుకే మీ ముఖం చూసినవాళ్లే రాయాలి. గర్భం ఉంటే గానీ, ప్రయత్నంలో ఉంటే గానీ అడాపలీన్ వాడరు, ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. ఏ మందైనా ఫలితం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. పది రోజులకో ట్యూబు మారిస్తే ఏదీ పనిచేయదు. గిల్లకుండా, ఎండలోకి వెళ్లేటప్పుడు జిడ్డులేని సన్‌స్క్రీన్ రాసుకుంటే మచ్చలు నెమ్మదిగా పలచబడతాయి.

ఇంట్లో యాంటీసెప్టిక్ క్రీమ్ ఉంచుకోవద్దనడం లేదు. కత్తిపీట కోసినప్పుడు, పిల్లలు పడి మోకాలు చెక్కుకుపోయినప్పుడు, కొండ మీద గుండు చేయించుకున్నాక కత్తి గాటు పడినప్పుడు, ముందు కుళాయి నీళ్లు, సబ్బుతో కడిగి పలచగా రెండు మూడు రోజులు రాసుకోండి. బోరిక్ ఆసిడ్ ఉన్నవి పసిపిల్లల ఒరిసిన చర్మం మీద వద్దు. షుగర్ ఉన్నవాళ్ల పాదం మీద గాయమైతే చిన్నదైనా చూపించాలి. సెగ్గడ్డలు మాటిమాటికీ లేస్తుంటే షుగర్ పరీక్ష చేయించాలి. పాలిపోయిన మచ్చ మీద చీమ పాకినా తెలియకపోతే, ఏ క్రీమూ రాయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. కుష్ఠు అయితే మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

మీ నాయన జ్వరం దిగాక, చర్మవ్యాధుల డాక్టరుకు మీ ముఖం చూపించుకోవడానికి వెళ్లండి. ఆ రెండు ట్యూబులూ సంచిలో పెట్టుకుని వెళ్లండి, ఆ పూట ముఖానికి మాత్రం ఏమీ రాసుకోకండి.