గేమ్ వేశాక ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది... కేసు నిలుస్తుందా?

ప్రశ్న: ఇంట్లోనే వీడియో ఎడిటింగ్ చేసుకుని బతుకుతున్నాను. ఇరవై నెలల క్రితం కంప్యూటర్లో ఒక గేమ్ వేశాను. అప్పటి నుంచి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ‘డాంగిల్ దొరకలేదు’ అంటోంది (డాంగిల్ అంటే సాఫ్ట్‌వేర్ లైసెన్స్ మనదేనని చూపడానికి కంప్యూటర్‌కు గుచ్చే చిన్న పరికరం). చేతిలో ఉన్న ఆర్డర్లన్నీ పోయాయి. (గేమ్‌ది ముందు స్నేహితుడు ఇచ్చిన ఫ్రీ కాపీ వేశాను, మూడు వారాల తర్వాత ఒరిజినల్ కొన్నాను.) గేమ్ కంపెనీకి మెయిల్ పెడుతూనే ఉన్నాను, ‘పరిశీలిస్తున్నాం’ అంటారు. విసిగిపోయి ఆ కంప్యూటర్ని పక్కన పడేసి వేరేది కొనుక్కున్నాను. వచ్చే ఆదివారం పాతదాన్ని ఫార్మాట్ చేయించి తమ్ముడి కొడుక్కి ఇద్దామనుకుంటున్నాం. హ్యాకింగ్ కేసు పెట్టొచ్చా?

జవాబు: మీరు రాసింది నాలుగు పేజీలు. అందులో మూడున్నర పేజీలు పోయిన ఆర్డర్లు, పడ్డ టెన్షన్, తిన్న మాటలు. కేసును తేల్చేది మాత్రం మీరు బ్రాకెట్లో పడేసిన ఆ ఒక్క వాక్యం. ముందు ఫ్రీ కాపీ, తర్వాత ఒరిజినల్. సాఫ్ట్‌వేర్ ఆగింది ఏది వేశాక? ఆ ముక్క మీరు ఎక్కడా రాయలేదు. ఫ్రీ కాపీ వేశాక ఆగి ఉంటే మీకు కేసు లేదు. డబ్బు ఇవ్వనిదే వినియోగదారుడు కాలేరు, దొంగ కాపీ చేసిన చేటుకు కంపెనీ జవాబుదారీ కాదు. ఒరిజినల్ వేశాకే ఆగి ఉంటే వినియోగదారుల కమిషన్‌లో కేసు ఉంది, కానీ రుజువు చేయాల్సింది మీరే.

అవతలి వకీలు మొదట అడిగేది కూడా ఇదే: ‘దొంగ కాపీతో వచ్చిన వైరస్ చేసిన పనిని మా నెత్తిన రుద్దుతున్నారా?’ దీనికి మీ కన్నీళ్లు జవాబు కావు. ఆ మూడు వారాల్లో మీరు చేసిన ఎడిటింగ్ పనే జవాబు. ఫ్రీ కాపీ వేశాక, ఒరిజినల్ కొనకముందు, అదే సాఫ్ట్‌వేర్లో పూర్తి చేసిన వీడియోలు ఉంటాయి కదా. కస్టమర్‌కి పంపిన మెసేజ్ తేదీ, ప్రాజెక్ట్ ఫైల్ సేవ్ అయిన తేదీ, డబ్బు జమైన తేదీ. ఇవి మూడూ కుదిరితే ఫ్రీ కాపీ ఉన్నన్నాళ్లూ డాంగిల్ పనిచేసిందని తేలిపోతుంది.

రెండో సగం రుజువు ఆ పాత కంప్యూటర్లో ఉంది. గేమ్‌ల కాపీ రక్షణకో, మోసాలు పట్టడానికో పెట్టే డ్రైవర్లు (విండోస్‌తో కలిసి పనిచేసే చిన్న ప్రోగ్రాములు) విండోస్ లోతుల్లో కూర్చుంటాయి. డాంగిల్ డ్రైవర్ ఉండేదీ అక్కడే, అందుకే రెండూ తగువు పడతాయి. కొత్త సర్వీసు (వెనక నడిచే ప్రోగ్రామ్) గానీ డ్రైవర్ గానీ చేరితే, విండోస్ రాసుకునే చిట్టాలను చూపే ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ లాగ్‌లో 7045 నంబరుతో ఒక నమోదు పడుతుంది. దాని పేరు, ఫైల్ ఉన్న చోటు, తేదీ, గంట, నిమిషం అన్నీ ఉంటాయి. ప్రోగ్రామ్ కుప్పకూలితే అప్లికేషన్ లాగ్‌లో 1000 నంబరు పడుతుంది. ఒరిజినల్ కొన్న రోజు 7045, దాని వెంటే డాంగిల్ తప్పులు కనబడితే, నేను చదవాలనుకునే కాగితం అదే.

ఈ లాగ్ మామూలుగా 20 ఎంబీ దాటదు. నిండాక పాతవి చెరిపేసి కొత్తవి రాసుకుంటుంది. రోజూ వాడి ఉంటే ఇరవై నెలల కిందటి నమోదులు ఈపాటికి గల్లంతయ్యేవి. విసుగొచ్చి పక్కన పడేశారు చూడండి, మీ అశ్రద్ధ మొత్తంలో మీకు కలిసొచ్చింది అదొక్కటే. కాబట్టి ఆదివారం ఫార్మాట్ మాట మర్చిపోండి. సిస్టమ్ రిస్టోర్ (విండోస్‌ను పాత స్థితికి తిప్పడం) వద్దు, ‘ఒకసారి చూద్దాం’ అని ఆన్ చేయడం కూడా వద్దు. అబ్బాయికి వేరే కంప్యూటర్ చూడండి. డిజిటల్ ఫోరెన్సిక్ తెలిసిన నిపుణుడి చేత డిస్క్ మొత్తానికి నకలు తీయించి, దాని హ్యాష్ విలువ (నకలు మారలేదని చూపే గుర్తింపు సంఖ్య) రాయించండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపాలి. వినియోగదారుల కమిషన్ సాక్ష్య చట్టాన్ని అక్షరాలా పట్టుకు కూర్చోదు గానీ, సర్టిఫికెట్ ఉన్న కాగితానికీ స్క్రీన్‌షాట్‌కీ ఉన్న తేడా కమిషన్‌కు బాగానే తెలుసు.

గేమ్ వల్ల కంప్యూటర్ ఎందుకు పాడవుతుందని ఎవరైనా నవ్వితే 2007 డిసెంబరు సంగతి చెప్పండి. ఈవ్ ఆన్‌లైన్ గేమ్ అప్‌డేట్ కొందరి విండోస్ ఎక్స్‌పీలో కంప్యూటర్ మొదలవడానికి కావాల్సిన బూట్.ఐఎన్ఐ ఫైల్‌ను చెరిపేసింది. గేమ్‌లోనూ అదే పేరుతో ఒక ఫైల్ ఉండటమే కారణం. కంపెనీయే ఒప్పుకుంది. ఏ ఫైల్ పోయిందో వేలు పెట్టి చూపించగలిగారు కాబట్టి వాదన అవసరం లేకపోయింది.

ఇక మీ స్నేహితుడి సలహా. కంప్యూటర్ గడియారం వెనక్కి తిప్పి, ఒరిజినల్‌నే ముందు వేసినట్టు మళ్లీ ఇన్‌స్టాల్ చేసి స్క్రీన్‌షాట్ తీయమన్నాడని చివరి పేజీలో రాశారు. ఆ పని చేశారో, మీ కేసు నేను ముట్టుకోను. గడియారం మార్చిన సంగతి కూడా అదే సిస్టమ్ లాగ్‌లో నమోదవుతుంది, ఆ స్నేహితుడికి అది తెలియదు. కమిషన్ విచారణను న్యాయ విచారణగానే చట్టం పరిగణిస్తుంది. అందులో దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు. ఫిర్యాదీగా వెళ్లి ముద్దాయిగా తిరిగొస్తారు. ఫ్రీ కాపీ సంగతి దాచాలనీ చూడకండి, నకలు తీసిన డిస్క్‌లో అది బయటపడుతుంది. తెలిసి దొంగ కాపీ వాడటం కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి కింద నేరమే. అందుకే అఫిడవిట్‌లో దాన్ని ఎలా రాయాలో వకీలుతో కూర్చుని తేల్చుకోండి, సొంతంగా రాయకండి.

హ్యాకింగ్ కేసు నిలవదు. ఐటీ చట్టం సెక్షన్ 43 మొదలయ్యేదే ‘యజమాని అనుమతి లేకుండా’ అని. ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడు అడ్మిన్ అనుమతి అడిగితే ‘యెస్’ నొక్కింది మీరే.

ఇప్పుడు గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లు. మీకు మిగిలింది నాలుగు నెలలు. ‘పరిశీలిస్తున్నాం’ అన్న మెయిళ్లతో ఆ గడువు ఒక్క రోజు కూడా పెరగదు. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు గానీ, బలమైన కారణం చూపాలి. ‘మెయిల్ కోసం చూశాను’ అంటే ఒప్పుకోవడం కష్టం. లైసెన్స్ ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు (తగువును మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్నది) ఉందని భయపడకండి, అది కమిషన్‌కు వెళ్లడానికి అడ్డు కాదని ఎమార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

గేమ్‌ను ఆడుకోవడానికి కొన్నారు కాబట్టి ఎడిటింగ్ మీ వృత్తి అయినా మీరు వినియోగదారుడే. మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. అమ్మినవాళ్లనీ తయారు చేసినవాళ్లనీ ఇద్దరినీ చేర్చండి. గేమ్ ధర, కంప్యూటర్ బాగుచేయడానికి అయిన ఖర్చు, కొంత పరిహారం అడగండి. పోయిన ఆర్డర్ల సొమ్ము మొత్తం వస్తుందని ఆశ పెట్టుకోకండి, దూరపు నష్టం (తప్పు వల్ల నేరుగా రానిది) కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 దగ్గరే ఆగిపోతుంది. రద్దు చేస్తూ కస్టమర్ పంపిన మెసేజ్, ముందు ఇచ్చిన అడ్వాన్స్ రసీదు ఉన్న ఆర్డర్లను మాత్రమే జాబితాలో పెట్టండి.

డిస్క్ నకలు చూశాక తప్పులు ఫ్రీ కాపీ రోజు నుంచే మొదలైనట్టు తేలితే, కేసు ఆలోచన అక్కడితో వదిలేయండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లను డాంగిల్ డ్రైవర్ మళ్లీ ఇమ్మని అడగండి. ఫార్మాట్ చేయించుకోవడం అప్పుడు మీ ఇష్టం.