డిపాజిట్ పోతుందని తెలిసీ మా మావయ్య ఐదుసార్లు ఎందుకు నిలబడ్డారు

మీ ప్రశ్న చదివాను. మీ నాన్నగారు ఒడిశా నుంచి వలస వచ్చి విజయనగరంలో స్థిరపడ్డారు. లోక్‌సభకు స్వతంత్ర అభ్యర్థిగా రెండుసార్లు నిలబడి రెండుసార్లూ డిపాజిట్ పోగొట్టుకున్నారు. మూడోసారి కూడా నిలబడతానంటున్నారు, ఆపడం ఎలా అని అడిగారు.

ఆపకండి అంటాను. ఎందుకో తెలియాలంటే మా మావయ్య సంగతి చెప్పాలి.

ఆయన శ్రీకాకుళంలో దర్జీ, మా అమ్మకు అన్నయ్య. ఇద్దరూ పుట్టింది రంగూన్‌లో. ఆ ఊరిని మా వైపు రంగం అంటారు. కళింగపట్నం, బారువ రేవుల్లో ఓడెక్కి కూలికి వెళ్లినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. మా తాతగారు పజుండాంగ్‌లో ఒక బియ్యం మిల్లులో బస్తాలు మోశారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలను జాతీయం చేసి, 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవని ప్రకటించింది. తాతగారు దాచుకున్నదంతా ఆ నోట్లలోనే ఉంది. 1965లో ఓడ దిగి విశాఖ రేవులో అడుగుపెట్టే నాటికి మావయ్యకు 16 ఏళ్లు, అమ్మకు 11.

అక్కడ వాళ్లను కోరంగీలు అనేవారు. ఇక్కడికి వస్తే బర్మావాళ్లు అన్నారు. తాతల నాటి ఊరికి తిరిగి వచ్చినా పరాయివాళ్లుగానే చూశారు. అమ్మ ఆ మాట పడలేక, ఎవరడిగినా తాను పుట్టింది శ్రీకాకుళంలోనే అని చెప్పేది. మావయ్య అందుకు పూర్తిగా వ్యతిరేకం. 1991లో మొదటిసారి నిలబడినప్పుడు కరపత్రం మీద మొదటి వాక్యమే 'రంగంలో పుట్టాను, శ్రీకాకుళంలో బతుకుతున్నాను' అని వేయించారు. అది చూసి అమ్మ ఆయనతో మూడు నెలలు మాట్లాడలేదు.

ఆ సంవత్సరం నామినేషన్ల పరిశీలన రోజున ఒక అభ్యర్థి తరఫు మనిషి, ఈయన విదేశంలో పుట్టాడు, తిరస్కరించండి అని అభ్యంతరం పెట్టాడు. మావయ్య చంకలో రేకుపెట్టె ఉంది. తాతగారు రంగూన్‌లోని భారత రాయబార కార్యాలయంలో కుటుంబాన్ని నమోదు చేయించుకున్న కాగితం, ఓడ టికెట్టు, రేవులో ఇచ్చిన చీటీ, ఓటర్ల జాబితా నకలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచారు. తల్లిదండ్రులో తాతలో భారత్‌లో పుట్టి ఉంటే, విదేశంలో ఉన్నవాళ్లు కూడా అలా నమోదు చేయించుకుని పౌరులు కావచ్చని రాజ్యాంగం 8వ అధికరణం చెబుతుంది. పార్లమెంటు సభ్యుడి అర్హతలు చెప్పే 84వ అధికరణం పౌరుడై ఉండాలంటుంది, లోక్‌సభకైతే 25 ఏళ్లు నిండాలంటుంది. ఎక్కడ పుట్టావని అడగదు. రిటర్నింగ్ అధికారి ఆ కాగితాలు ఓపికగా చదివి నామినేషన్ ఆమోదించారు.

ఆ తర్వాత మావయ్య ఎప్పుడూ చెప్పుకున్నది ఓట్ల గురించి కాదు, ప్రమాణం గురించి. ప్రతి అభ్యర్థీ నామినేషన్ వేశాక, రాజ్యాంగానికి విధేయుడినై ఉంటానని, దేశ సార్వభౌమత్వాన్ని, సమగ్రతను కాపాడతానని అధికారి ఎదుట ప్రమాణం చేయాలి. గెలిచేవాడూ ఓడేవాడూ చదివేది ఒకే కాగితం. 2004లో నేను పక్కనే ఉండి చూశాను. అప్పటికి అది ఆయనకు నాలుగోసారి. చేతిలో కాగితం ఉన్నా దాని వైపు చూడలేదు. సూదిపోట్లతో గట్టిపడిన వేలు ఒక్కటే ఆ అక్షరాల కింద మెల్లగా కదిలింది. బయటికి వచ్చాక, 'ఈ దేశంలో పుట్టినవాడిని ఈ మాట ఎవరూ అడగరమ్మా. నన్ను అడిగారు, నేను చెప్పాను' అన్నారు.

మీ నాన్నగారి మనసులో ఏముందో నాకు తెలియదు. ఒక సాయంత్రం నింపాదిగా కూర్చుని అడగండి. ఆపడమా మానడమా అన్నది ఆ తర్వాత ఆలోచించవచ్చు.

డబ్బు సంగతి దాచను, మా ఇల్లు దానివల్ల నలిగింది. 1991లో, 1996లో డిపాజిట్ 500 రూపాయలే. 1996 ఎన్నికల్లో నల్గొండ లోక్‌సభ స్థానానికి ఫ్లోరైడ్ నీళ్ల బాధితుల గోడు వినిపించడానికి 480 మంది నిలబడ్డారు. దేశమంతటా ఆ ఏడాది అభ్యర్థుల సంఖ్య దాదాపు 14 వేలకు చేరింది. ఆ ఎన్నికలు ముగిశాక చట్టం మార్చి డిపాజిట్‌ను 10,000 చేశారు, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. 1998లో అభ్యర్థులు అయిదు వేలలోపుకు పడిపోయారు. ఆ అయిదు వేలలో మా మావయ్య ఒకరు. అత్తయ్య రెండు గాజులు తీసి ఇచ్చింది. అవి తిరిగి ఆమె చేతికి రాలేదు. ఉపసంహరించుకుంటే డిపాజిట్ వెనక్కి వస్తుంది, పైన మేమూ ఇస్తాం అని ఒకరు రాత్రిపూట ఇంటికి వచ్చారు. గాజుల సంగతి తెలిసీ మావయ్య కాదన్నారు. అత్తయ్య తలుపు వెనకే నిలబడి వింటోంది. నోరు తెరిచి ఒక్క మాటా అనలేదు. ఆ త్యాగం ఆయనదెంతో ఆమెదీ అంతే, అందుకే ఇక్కడ రాస్తున్నాను. మీ అమ్మగారిని కూడా అడిగారా?

ఇప్పుడు డిపాజిట్ 25,000, ఎస్సీ, ఎస్టీలకు 12,500. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. అసెంబ్లీ సెగ్మెంట్లు ఏడున్న నియోజకవర్గంలో ఒంటరి మనిషికి ఆరో వంతు అంటే కొండే. ఆ డబ్బు ఖర్చయిపోయిందనే లెక్క వేసుకుని, ఇంటి అవసరాలను ముట్టకుండా విడిగా సమకూర్చుకోమనండి. అప్పు మాత్రం వద్దు.

మీరు చేయగల అసలైన సాయం ఇంకొకటి ఉంది. లెక్కలు మీరే రాయండి. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వచ్చే రోజు వరకు ప్రతి రూపాయీ రిజిస్టర్‌లో ఎక్కాలి, ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా జిల్లా ఎన్నికల అధికారికి అందాలి. ఓడిపోయినవాడికి లెక్కలెందుకులే అని 1998లో మావయ్య అనుకున్నారు. నోటీసు వచ్చింది, దాన్నీ పట్టించుకోలేదు. మూడేళ్లు పోటీకి అనర్హుడని ఉత్తర్వు వచ్చింది. అందుకే 1999లో నిలబడలేకపోయారు. ఓటమికి ఎన్నడూ కుంగని మనిషి ఆ కాగితం చూసి రెండు రోజులు కుట్టుమిషన్ ముట్టుకోలేదు. తాను పౌరుణ్ణని చెప్పుకోవడానికి నిలబడిన మనిషికి, నువ్వు అర్హుడివి కాదు అని రాసి వచ్చింది. తప్పు ఆయనదే. మా ఇంట్లో చదువుకున్న పిల్లలం ఉండి ఒక్కరమూ ఆ నోటీసు సరిగా చదవలేదు, అది మా తప్పు. 2004లో, 2009లో ఆ రిజిస్టర్ నేనే రాశాను. ఇప్పుడైతే ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా కూడా తెరవాలి.

గుర్తు విషయంలోనూ జాగ్రత్త. దర్జీ కనుక ఎప్పుడూ కుట్టుమిషన్ కోరేవారు. 1996లో అదే గుర్తు మరొకరూ కోరితే చీటీ తీశారు, ఆయనకు నిచ్చెన వచ్చింది. వీధిలో అందరూ అలవాటు కొద్దీ మిషన్ మీదే ముద్ర వేసి వచ్చి, నీకే వేశాం మావా అన్నారు. గుర్తు ఖరారయ్యే దాకా కరపత్రాలు అచ్చు వేయించవద్దు.

2004లో పదిమంది ప్రతిపాదకులు కావలసి వచ్చారు. వాళ్లు అదే నియోజకవర్గంలో ఓటర్లై ఉండాలి. ఎనిమిది సంతకాలు వీధిలోనే దొరికాయి. తొమ్మిదో ఆమె బట్టలు ఇస్త్రీ చేసే అవ్వ, వేలిముద్ర. వేలిముద్ర అయితే అధికారి ఎదుటే వేయాలి. ఆమె ఆ రోజు పని మానుకుని మాతో కలెక్టర్ కార్యాలయానికి వచ్చింది. పదో సంతకం అమ్మది. ఎవరూ అడగలేదు. కాగితం తీసుకుని పేరు రాసి, పెన్ను మూత పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది. పెదవి విప్పి రంగం పేరెత్తని మా అమ్మ, ఆ పేరుతో మొదలయ్యే కరపత్రం ఉన్న అభ్యర్థిని ప్రతిపాదించింది.

మా జిల్లాలో ఓటమి చిన్నతనమేమీ కాదు. 1957లో వి.వి. గిరి అంతటివారు పార్వతీపురం స్థానంలో డిప్పల సూరిదొర అనే గిరిజన అభ్యర్థి చేతిలో ఓడిపోయారు. 1969లో ఆ గిరిగారే స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి అయ్యారు. మావయ్య ఈ సంగతి తరచూ చెప్పేవారు. గెలుస్తానని ఆయన నమ్మలేదు, ఆశ కూడా పెట్టుకోలేదు. ఆయన అడిగింది ఒక్కటే, ఇక్కడి మనిషి కూలి కోసం సముద్రం దాటే అవసరం రాకూడదు. మా తాతగారు రంగం వెళ్లారు. ఇప్పుడు మా తీరం మత్స్యకారులు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పనికి వెళుతున్నారు. వాళ్లలో కొందరు 2018లో పాకిస్తాన్‌కు చిక్కి 2020 జనవరి దాకా జైల్లో ఉన్నారు.

2004లోనే మా స్థానంలో మొదటిసారి ఏ పోలింగ్ కేంద్రంలో ఎన్ని వచ్చాయో చూడగలిగాం. ఓటింగ్ యంత్రాలు వచ్చాయి కనుక ఆ లెక్క ఫారం 20లో ఉంటుంది. మా వీధి కేంద్రం చూడగానే నాకు మనసు చివుక్కుమంది. మావయ్య మాత్రం వేలు కిందికి జరుపుతూ పోయి ఒక చోట ఆగారు. గార వైపు సముద్రపు ఒడ్డున ఒక ఊరు. అక్కడ మాకు ఒక్కరూ తెలియదు. కరపత్రాలు పంచడానికి ఒకే ఒక్కసారి వెళ్లాం. 11 ఓట్లు వచ్చాయి.

మర్నాడే బస్సెక్కారు, నన్నూ రమ్మన్నారు. ఫలితాల తర్వాతి ప్రయాణం కనుక ఆ టికెట్లు రిజిస్టర్‌లోకి ఎక్కలేదు. ఊళ్లో మీకు వేశామని ఎవరూ అనలేదు, ఈయనా అడగలేదు. అరుగు అరుగుకూ ఆగి నమస్కారం పెట్టుకుంటూ వెళ్లారు. వలలు ఆరేసిన ఒక ఇంటి ముందు డెబ్బై దాటిన ముసలమ్మ పిలిచి, 'రంగంలో ఏ పేట బాబూ మీది?' అని అడిగింది. పజుండాంగ్ అన్నారు. ఆమె లోపలికి వెళ్లి, గుడ్డలో చుట్టిన పాత ఉత్తరం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. వాళ్ల నాన్న రంగం నుంచి రాసిన ఆఖరి ఉత్తరమట, యుద్ధం రాకముందుది. తనకు చదువు రాదు, చదివి వినిపించమంది.

మావయ్య అరుగు మీద కూర్చుని కళ్లజోడు తుడుచుకున్నారు. పది రూపాయలు పంపుతున్నాను, వానలు రాకముందే ఇంటి మీద తాటాకు మార్పించు, పిల్ల జాగ్రత్త అని ఉంది. ఒకసారి చదివారు. మళ్లీ చదవమంది. ఆఖరి బస్సు వెళ్లిపోయేదాకా చదువుతూనే ఉన్నారు.