స్వాట్ టీమ్‌తో వెళ్లే డాక్టర్‌కి ఏ ట్రైనింగ్ కావాలి?

అమెరికాలో ఎమర్జెన్సీ మెడిసిన్ రెసిడెన్సీ చేస్తున్నానని, అక్కడి పోలీసుల స్వాట్ టీమ్ (ప్రమాదకరమైన ఆపరేషన్లకు వెళ్లే ప్రత్యేక సాయుధ దళం) రమ్మంటోందని, ఏటీఎల్ఎస్ (గాయపడినవాళ్లకు చేసే అత్యవసర వైద్యంపై డాక్టర్ల కోర్సు) సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. ముందు టీఈసీసీ (కాల్పుల్లాంటి ప్రమాదాల మధ్య గాయపడినవాళ్లను కాపాడే పద్ధతులు) కోర్సు చేయండి. 1996లో సైన్యం కోసం వచ్చిన టీసీసీసీ (యుద్ధభూమిలో గాయాలకు వైద్యం) మార్గదర్శకాలను పౌర అవసరాలకు తగ్గట్టు మార్చి తయారుచేసింది ఇది.

అందులో కష్టమల్లా తెలిసిన పని ఆపుకోవడమే. కాల్పులు జరుగుతున్న చోట ఐవీ (సిరలోకి సెలైన్ గొట్టం) పెట్టరు, ఇంట్యుబేషన్ (శ్వాసనాళంలోకి గొట్టం వేయడం) జోలికి వెళ్లరు. కాలి నుంచి రక్తం చిమ్ముతుంటే బట్టల మీదుగానే, తొడ పైభాగాన టోర్నికే (రక్తాన్ని ఆపే బిగింపు పట్టీ) బిగించి మనిషిని చాటుకి లాగేయాలి. మిగతా పరీక్షలన్నీ అక్కడికి చేరాకే. చీకట్లో, గ్లౌజులతో, మీ కాలికి మీరే గబగబా బిగించుకోగలిగేదాకా ప్రాక్టీస్ చేయండి.

టీమ్ ట్రైనింగ్ రోజులకు తప్పకుండా వెళ్లండి. వాళ్ల కదలిక తెలియని డాక్టర్ వాళ్లకు అడ్డమే. వాళ్లకు తగిలే వడదెబ్బ, బెణికిన మడమలు చూడటం కూడా మీ పనే.

ఒప్పుకునే ముందు మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ (వైద్యంలో పొరపాటు జరిగిందని కేసు పడితే ఆదుకునే బీమా) ఎవరిదో రాతపూర్వకంగా తీసుకోండి. ఆసుపత్రి పాలసీ బయటి పనికి వర్తించకపోవచ్చు. మీ రెసిడెన్సీ ప్రోగ్రామ్ డైరెక్టర్ అనుమతీ కావాలి. గాయపడింది నిందితుడైనా వైద్యం ఒకటేనని కమాండర్‌తో ముందే తేల్చుకోండి, ఇందులో మొహమాటం వద్దు.

ఈ దారిలోనే ఉండాలనుంటే రెసిడెన్సీ తర్వాత ఈఎంఎస్ (ఆసుపత్రికి చేరకముందు అందించే అత్యవసర వైద్య సేవలు) ఫెలోషిప్ చూడండి.