పాస్తీస్‌తో కోడి వండబోతున్న మా అమ్మలుకి

యానాం,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మలూ,

నిన్న ఫోన్లో "పెద్దమ్మా, కోడి దగ్గుమందులా తయారైంది" అని నువ్వు ఏడుపు గొంతుతో చెప్పినప్పటి నుంచి నా మనసంతా నీ వంటింట్లోనే ఉంది. వచ్చే ఆదివారం మీ ప్రొఫెసరుగారి కుటుంబాన్ని భోజనానికి పిలిచానన్నావు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే ఏదో ఒకటి మర్చిపోతాను, అందుకే కూర్చుని రాస్తున్నాను. పెదనాన్న ఉద్యోగం కోసం ఫ్రాన్సులో మార్సెయ్ వెళ్లి పంతొమ్మిదేళ్లు అక్కడే ఉన్నాం కదా, మొదటి రెండేళ్లు నేను కూడా ఈ వంటని నీలాగే పాడుచేశాను.

ఏం జరిగి ఉంటుందో నాకు తెలుసు. కోడిమాంసం చూడగానే మన చేతులు వాటంతట అవే అల్లం వెల్లుల్లి ముద్ద వైపు పోతాయి. బిర్యానీ అలవాటు కొద్దీ రెండు అనాసపువ్వులు పడేసి ఉంటావు. సోంపు కూడా వేశావేమో. ఆ పైన పాస్తీస్ పోశావు, అది కూడా సోంపు వాసన మద్యమే. అనాసపువ్వు, సోంపు, పాస్తీస్ మూడింటి సువాసనా ఒకే పదార్థానిది, దాని పేరు అనెథోల్. అంటే ఒకే వాసనని మూడుసార్లు వేశావన్నమాట. ఇక దగ్గుమందు కాక ఏమవుతుంది చెప్పు! అనాసపువ్వుని ఫ్రెంచివాళ్లు బదియాన్ అంటారు, హైదరాబాదులో బాదియాన్ అంటారు. రెండూ ఒక్క పారశీక మాట నుంచి వచ్చినవే. ఆ పువ్వు మనకీ వాళ్లకీ చుట్టమే. కానీ ఈ వంటలో అది ఇప్పటికే సీసాలో ఉంది, మళ్లీ డబ్బా మూత తియ్యకు.

ముందు సీసా సంగతి చూద్దాం. లేబుల్ మీద పాస్తీస్ ద మార్సెయ్ అని ఉన్నదే కొను. ఆ పేరు పెట్టుకోవాలంటే 45 శాతం ఆల్కహాలు, లీటరుకి 2 గ్రాముల అనెథోల్ ఉండాలని నియమం. లెక్క చూడు, నువ్వు కుండలో పోసే 50 మిల్లీలీటర్లలో ఉండేది గ్రాములో పదో వంతు. అంత కొంచెమే ఆరుగురి భోజనాన్ని ఘుమఘుమలాడిస్తుంది. అందుకే సీసా ఎత్తి పొయ్యొద్దు, కొలిచి పొయ్యి. సాంబూకా లాంటి తియ్యటి సోంపు మద్యాలు ఈ వంటకి పనికిరావు, వాటిలో పంచదార మరీ ఎక్కువ. సీసాని ఫ్రిజ్‌లో పెట్టకు, చల్లదనానికి అనెథోల్ గడ్డకట్టి చిన్న చిన్న పలుకుల్లా తేలుతుంది. పొరపాటున పెట్టినా టెన్షన్ పడకు, బయట పెడితే మళ్లీ కరిగిపోతుంది.

భోజనం దగ్గర కబుర్లకి పనికొస్తుందని ఇంకో మాట. 1915లో ఫ్రాన్సు ఆబ్సాంత్ అనే మద్యాన్ని నిషేధించింది. సోంపు రుచికి అలవాటు పడ్డ జనం దానికి బదులు వెతుక్కున్నారు. 1932లో పాల్ రికార్ మార్సెయ్‌లో తన పాస్తీస్‌ని అమ్మకానికి తెచ్చాడు. పాస్తీస్ అంటే అక్కడి ప్రొవాంసాల్ భాషలో కలగలుపు అని అర్థం. అనాసపువ్వు, అతిమధురం, ఇంకా రకరకాల మూలికలు కలిసిన మద్యం అది.

ఇక వంట. మా కింది అంతస్తులో ఒక ముసలావిడ ఉండేది. ఆవిడ వండుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని, నేర్చుకున్నది అలాగే. శనివారం రాత్రే పని మొదలుపెట్టు. కిలోన్నర పైన ఉన్న కోడిని ఎనిమిది ముక్కలు చేయించుకో. లాబెల్ రూజ్, అంటే ఎర్ర లేబుల్, అని అమ్మే కోడి తీసుకో, అది కనీసం 81 రోజులు పెరిగినది. మెత్తటి ఫారం కోడి అయితే పులుసులో విడిపోతుంది. ముక్కలకి ఉప్పు, మిరియాలు, చిటికెడు కుంకుమపువ్వు, 50 మిల్లీలీటర్ల పాస్తీస్, ఐదారు చెంచాల ఆలివ్ నూనె పట్టించి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచు. పెరుగు, నిమ్మరసం, పసుపు ఏవీ వద్దు. కుంకుమపువ్వు రంగు తెల్లారేసరికి చర్మానికి పడుతుంది, నువ్వే చూస్తావు.

పొద్దున మందపాటి గిన్నెలో రెండు ఉల్లిపాయలు నూనెలో మగ్గించు. ఎర్రగా వేయించకు. మన కూరకి ఉల్లిపాయ ఎంత వేగితే అంత రుచి, దీనికి మాత్రం అది మెత్తబడి అద్దంలా మెరిస్తే చాలు. అందులో నాలుగు వెల్లుల్లి రెబ్బలు, తొక్క తీసిన అరకిలో టమాటాలు వెయ్యి. ఆ తర్వాత ఫెనూయ్. అదే, మార్కెట్లో తెల్ల ఉల్లిగడ్డలా ఉండి పైన సన్నటి ఆకులుంటాయే, ఆ సోంపు గడ్డ. రెండు చాలు. అడుగున గట్టి భాగం తీసేసి నిలువుగా పలచగా కొయ్యి, ఆకులు పక్కన దాచు. ఇది కూడా సోంపు జాతే కదా అంటావేమో, కానీ పచ్చి గడ్డలో ఆ వాసన నెమ్మదిగా ఉంటుంది, ఉడికేకొద్దీ తియ్యబడుతుంది. పాస్తీస్ ఘాటుని కుదురుగా కూర్చోబెట్టేది ఇదే. ఈ వంటలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ ఉడికిన గడ్డ ముక్కే.

దీని మీద కోడి ముక్కలు, అవి నానిన రసంతో సహా, పరిచి పది నిమిషాలు మూత పెట్టు. తైమ్, బిర్యానీ ఆకు, పార్స్‌లీ కలిపి దారంతో కట్టిన చిన్న కట్ట, వేలెడు నారింజ తొక్క వేసి, ముక్కలు మునిగేదాకా మరిగే నీళ్లు పొయ్యి. నానిన రసంలో నీళ్లు తగలగానే అంచుల్లో పాలలా తెల్లబడుతుంది. విరిగిందని కంగారు పడకు. అనెథోల్ ఆల్కహాలులో కరుగుతుంది కానీ నీళ్లలో కరగదు, సన్నటి బొట్లుగా విడిపోతుంది. గ్లాసులో పాస్తీస్‌కి నీళ్లు కలిపితే జరిగేది కూడా ఇదే.

కిలో బంగాళాదుంపలు అర అంగుళం మందాన బిళ్లలుగా కోసి ఇప్పుడే వెయ్యి. చిన్న సెగ మీద ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. రొమ్ము ముక్కలు ముందే ఉడికిపోతాయి. వాటిని తీసి పక్కన మూతపెట్టు, లేకపోతే పీచు పీచుగా అవుతాయి. ఎముక దగ్గర థర్మామీటరు గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి.

పొయ్యి కట్టేశాక ఒక్క చిన్న చెంచా పాస్తీస్ పైన చల్లి కలుపు. ముందు పోసినది రుచిగా లోపలికి పోయింది, దాని పై వాసన ఆవిరితో లేచిపోయింది. ఈ చివరి చెంచా ఆ వాసనని మళ్లీ తెస్తుంది. ముసలావిడ సీసా మూతతో కొలిచేది. మూత వంచి, బొట్టు బొట్టుగా వేసి, వేలు నాకి రుచి చూసేది. మళ్లీ ఇంకో బొట్టు. నువ్వు కూడా అలాగే నీ నాలుకని అడుగు. రుచిలో సోంపు ఉందా లేదా అన్న అనుమానం కలిగేంతే ఉండాలి. అందరికీ స్పష్టంగా తెలిసిపోయిందంటే ఎక్కువైనట్టే.

మంట పెట్టే వంటకం కూడా చేస్తానన్నావు, అందుకని అది కూడా చెప్తాను. చర్మంతో ఉన్న రొమ్ము ముక్కలు వెన్న, నూనె కలిపి చర్మం కరకరలాడేదాకా వేయించి, 40 మిల్లీలీటర్ల పాస్తీస్ పోసి అంటిస్తారు. ఒకసారి నేను చిమ్నీ ఫ్యాను ఆపకుండా అంటించాను. మంట నిలువుగా లేచి ఫిల్టరులోని జిడ్డుకి అంటుకుంది. ఫ్యాను కట్టేసి, గిన్నె మీద మూత బోర్లించి, తడి గుడ్డ పట్టుకుని ఎంతసేపు వణికానో! కనుబొమ్మ సగం కాలింది. నువ్వు చేస్తే ముందు ఫ్యాను ఆపు, జుట్టు ముడివేసుకో, పాస్తీస్‌ని సీసా నుంచి కాకుండా చిన్న గిన్నెలోంచి పొయ్యి. సెగ కట్టేసిన తర్వాత పొడవాటి అగ్గిపుల్లతో అంటించు, మూత చేతికందేలా పెట్టుకో. నిజం చెప్పాలంటే మంట లేకపోయినా రుచికి లోటు ఉండదు, రెండు నిమిషాలు మరగనిస్తే చాలు. మొదటిసారి వచ్చే అతిథుల ముందు ఈ సాహసం వద్దని నా మాట. తర్వాత పెద్ద కప్పుడు క్రెమ్ ఫ్రెష్ (అదే, చిక్కటి పుల్ల మీగడ), విడిగా మగ్గించిన సోంపు గడ్డ, నాలుగు ఎస్త్రగాన్ అనే వాసన మొక్క ఆకులు, రెండు చుక్కల నిమ్మరసం కలిపి, రొమ్ము ముక్కలు లోపలిదాకా ఉడకనిస్తే అయిపోయింది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. వండితే ఆల్కహాలు మొత్తం పోతుందని అందరూ అంటారు. అది నిజం కాదు. అరగంట ఉడికించినా దాదాపు మూడో వంతు మిగులుతుంది, మంట పెట్టి ఆర్పేస్తే ముప్పావు వంతు అలాగే ఉంటుంది. వచ్చేవాళ్లలో మద్యం ముట్టనివాళ్లు, గర్భిణులు, పిల్లలు ఉన్నారేమో ముందే అడుగు. వాళ్లకి తెలియకుండా పెట్టడం తప్పు. వాళ్ల కోసం వేరే గిన్నెలో వండు. దానికి పాస్తీస్ బదులు ఒక్క అనాసపువ్వు, చెంచాడు సోంపు నీళ్లలో పది నిమిషాలు మరిగించి వడకట్టి పొయ్యి. మీ ఇద్దరు హైదరాబాదు స్నేహితురాళ్లు కూడా వస్తున్నారన్నావు కదా, వాళ్లని కూడా అడుగు.

కారం లేదని బెంగపడకు, దానికే రూయ్ ఉంది. రూయ్ అంటే తుప్పు, రంగుని బట్టి ఆ పేరు. వెల్లుల్లి, ఎండుమిర్చి, కుంకుమపువ్వు, ఉడికిన బంగాళాదుంప ముక్క నూరి, ఆలివ్ నూనె చుక్క చుక్క కలుపుతూ రోటిపచ్చడిలా చెయ్యడమే. కొందరు ఉడికించిన కోడి కార్జం కూడా అందులోనే నూరతారు. మిక్సీలో వెయ్యకు, నూనె చేదెక్కుతుంది. నీ దగ్గర ఆ చిన్న రాతి రోలు ఉంది కదా, పోయినసారి వచ్చినప్పుడు నేను ఇచ్చింది. శనివారం రాత్రి కోడి నానబెట్టి ఫోన్ చెయ్యి. స్పీకర్లో పెట్టి నూరు, నూనె ఎప్పుడు ఆపాలో రోకలి చప్పుడు విని నేను చెప్తాను.

నీ పెద్దమ్మ